డ్యూటీ పేషెంటు గవరయ్య

కొత్తవలస అవతల బిస్కెట్ల ఫ్యాక్టరీ ఉంది. అందులో ఓవెను సెక్షను వాళ్ళంత బుర్రున్నవాళ్ళు ఇంకెక్కడా లేరట. ఎవరన్నారంటే, వాళ్ళే అన్నారు. మేస్త్రీ పైడయ్యకైతే ఆ విషయంలో అనుమానమే లేదు. ప్రమాదం వస్తే ఏం చెయ్యాలో ఫ్యాక్టరీ నర్సు రూతమ్మ నెలనెలా డ్రిల్లు చేయించేది. గవరయ్య పేషెంటుగా దబ్బున పడేవాడు, మిగతావాళ్ళు స్ట్రెచరు మీద మోసుకొచ్చేవాళ్ళు, ఆవిడ విజిలేసేది, అందరూ టీకి పోయేవాళ్ళు. ఒక్కసారైనా పొరపాటు జరగలేదు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఓవెను దగ్గర పనిచేస్తున్న సన్యాసిరావు నిజంగానే పడిపోయాడు. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. పిలిస్తే పలకడు.

"కంగారు పడకండ్రా, నేర్చుకున్నదే కదా!" అన్నాడు పైడయ్య. "గవరయ్యా, పడు!"

ఇంకేముంది, గవరయ్య పడ్డాడు. స్ట్రెచరు మీదికెత్తారు. పరుగున మోసుకెళ్ళి రూతమ్మ గదిలో దించారు.

ఆవిడ నాడి చూసింది. "బానే ఉన్నాడే! ఏమైంది?"

"సన్యాసిరావు పడిపోయాడు సిస్టరమ్మా."

"మరి వీణ్ణెందుకు తెచ్చారు?"

"పేషెంటు ఇతనే కదండీ," అన్నాడు పైడయ్య. ఇంత చదువుకున్నావిడకి ఇది కూడా చెప్పాలా అని అతనికి జాలేసింది.

రూతమ్మ స్ట్రెచరు పట్టుకుని గుంజింది. "మీ దుంపతెగ! అక్కడ వాడి ప్రాణం పోతుంది! లే గవరయ్యా, స్ట్రెచరు కావాలి!"

గవరయ్య ఒక కన్ను తెరిచాడు. "విజిలెయ్యందే లేవకూడదమ్మా."

ఆవిడ విజిలేసింది. అంతే, అందరూ టీకి పోయారు.

పాపం, రూతమ్మ ఒక్కత్తే పరిగెత్తింది. సన్యాసిరావుని బయట నీడలోకి ఈడ్చి, చొక్కా విప్పి, బకెట్లతో నీళ్ళు గుమ్మరించి, అట్టముక్కతో విసిరింది. ఎంతకీ కదలడు. చివరికి "అమ్మా" అని మూలిగాడు. ఆవిడ అక్కడే కూలబడి ఏడ్చేసింది. ఆ తర్వాత అంబులెన్సు వచ్చి అతన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళింది.

టీ తాగొచ్చినవాళ్ళని రూతమ్మ నిలబెట్టి చడామడా తిట్టింది. "ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదు! ఇకమీదట పడినవాడే పేషెంటు. తెలిసిందా?"

పైడయ్యకి నిజంగానే బాధేసింది. సన్యాసిరావు అతని చెల్లెలి మొగుడు మరి. ఇంటికెళ్ళేదాకా దాని గురించే ఆలోచించాడు.

మర్నాడు ఓవెను సెక్షనులోంచి గుప్పున మాడు వాసన. రూతమ్మ లగెత్తుకొచ్చింది. బిస్కెట్లు బొగ్గులైపోతున్నాయి. సెక్షను మొత్తం నేలమీద వరసగా వెల్లకిలా పడుంది.

"ఏమైంది మీకు?"

పైడయ్య పడుకునే దణ్ణం పెట్టాడు. "ఇంకా ఏమీ కాలేదు సిస్టరమ్మా. తీరా అయ్యాక ఆలస్యం కాకూడదని ముందే పడ్డాం."