గడ్డి గులాబీకి కోపం వచ్చిన రోజు

ఒకప్పుడు గడ్డి గులాబీ నేలబారు మొక్క కాదు. మనిషి భుజమెత్తున నిటారుగా నిలబడేది. పగలనక, రాత్రనక విరగబూసి ఉండేది.

అలాంటి మొక్క ఒకటి సముద్రపొడ్డు ఊళ్లో, పైడమ్మ గుడిసె ముందు ఇసకలో ఉండేది. పైడమ్మ ఎండుచేపలు అమ్ముకునే ముసలిది. రోజూ బియ్యం కడిగిన నీళ్లు పోసి, “తాగు తల్లీ” అనేది.

మిగతావాళ్లకి ఆ మాత్రం దయ లేదు. పొద్దున వలలు మోసుకెళ్లేవాళ్లు ఒక కొమ్మ విరిచేవారు. సాయంత్రం తిరిగొచ్చేవాళ్లు ఇంకోటి. నాలుగడుగులు వేసి దారిలో పారేసేవారు. ఎండి చచ్చిన కొమ్మల్ని చూస్తే మొక్కకి కడుపు మండిపోయేది.

ఒకరోజు ఊరిపెద్ద అప్పలస్వామి ఇంట్లో పెళ్లి. పందిరికి పూలు కావాలని ఆయనే మనుషుల్ని వెంటేసుకొచ్చాడు.

“ఆగండయ్యా! అడగకుండా విరుస్తారేం?” అంది మొక్క.

“మొక్కని కూడా అడగాలిట్రా!” అని అప్పలస్వామి విరగబడి నవ్వాడు. ఒక్క కొమ్మ మిగల్చలేదు. ఆఖరికి వేరు కూడా పీకేశారు.

తాళి కట్టడం అయిందో లేదో, పూలన్నీ కొమ్మలతో, వేరుతో సహా ఆయన వాకిట్లో చెత్తకుప్ప మీద పడ్డాయి.

నెత్తిన ఎండ. ముక్కలై పడున్న మొక్క అక్కడినుంచే తలెత్తి అరిచింది.

“ఏమయ్యా సూర్యుడా! పొద్దుటినుంచి చూస్తూనే ఉన్నావు కదా! ఒక్క మాటైనా అన్నావా?”

“ఎండ కాయడమే నా పని...” అని నసిగాడు సూర్యుడు.

“ఆ ఎండతోనేగా నా కొమ్మల్ని మాడుస్తున్నావు! విరిచినవాడిది సగం పాపం, మాడ్చినవాడిది సగం!”

సూర్యుడి మొహం కందిపోయింది. “నిజమే తల్లీ. నీకు ముళ్లిస్తాను. చెయ్యి పెట్టినవాడు లబోదిబోమంటాడు.”

“వద్దు! పైడమ్మ చేతికీ గుచ్చుకుంటాయి. నన్ను ఎక్కడ పారేస్తే అక్కడే బతకాలి. అంతే!”

సూర్యుడు ముక్కముక్కనీ తాకాడు. కాడల్లో నీరు ఊరింది. సన్నని ఆకులు బొద్దుగా ఉబ్బాయి. “ఇకనుంచి నా ఎండే నీకు అన్నం” అన్నాడు.

ఇంతలో పైడమ్మ ఏడుస్తూ వచ్చింది. “ఏటమ్మా, ఇలాగైపోనావు!” అంటూ కొన్ని ముక్కలు ఏరుకుంది. తన గుడిసె ముందు ఇసకలో గుచ్చి, నీళ్ల కుండెత్తింది.

“కుండెడు పొయ్యకమ్మా, కుళ్లిపోతాను. కాస్త చిలకరించు చాలు. నీడ మాత్రం వద్దు.”

పైడమ్మ అలాగే చేసింది. ముక్కలన్నీ వేళ్లూనుకున్నాయి. కానీ ఒక్కటీ లేచి నిలబడలేదు.

“నిలబడితేనే కదా వాళ్ల చేతికందేది!” అని నేలమీదే పాకాయి. జనం తిరిగే పొద్దునా సాయంత్రమూ మొగ్గ విప్పలేదు. దారిలో పురుగైనా లేని మిట్టమధ్యాహ్నం మాత్రం పకపకా పూశాయి.

అప్పలస్వామి వాకిట్లోనూ చెత్తకుప్ప కనిపించకుండా పూలు పరుచుకున్నాయి.

“ఇదెవరు నాటారు ఇక్కడ?” అని గుడ్లురిమాడాయన.

“నువ్వే!” అన్నాయి పూలన్నీ ఒక్కసారే.

అప్పటినుంచే గడ్డి గులాబీ నేలని అంటిపెట్టుకుని పాకుతుంది. ఎండ చురుక్కుమంటేనే కళ్లు తెరుస్తుంది. విరిచి ఎక్కడ పారేసినా, ఆ చిన్న ముక్కే మళ్లీ మొక్కై పూస్తుంది.