ఒప్పులకుప్పకి ఇద్దరు కావాలి

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో నూకాలని ఒక పిల్ల ఉండేదమ్మా. నీ అంతే ఉంటుంది. నీలాగే ఒక్క చోట కుదురుగా కూర్చునే రకం కాదు. దానికి ఒప్పులకుప్ప ఆటంటే ప్రాణం. ఎదుటి పిల్ల చేతులు పట్టుకుని, వెనక్కి వాలి, గిర్రున తిరగడమే. దాని జట్టు ఎప్పుడూ పక్కింటి పైడితల్లే.

ఒకనాడు నూకాలు వేళ్ళ మీద తెల్లమచ్చ కనబడింది. ఆ తర్వాత మణికట్టు మీద, ఆ తర్వాత మోచేతి మీద. నొప్పి లేదు, దురద లేదు. వీధిలో ఎవరో "తెల్లకుష్టు" అన్నారు. అంత మాట అనడానికి నోరెలా వచ్చిందో! ఆ ఒక్క మాటకి పైడితల్లి వాళ్ళమ్మ సూరమ్మ హడలిపోయి, "దాని చెయ్యి ముట్టుకున్నావంటే కాళ్ళు విరగ్గొడతాను" అని కూతుర్ని బెదిరించింది. ఒకరిని చూసి ఒకరు, పిల్లలందరూ దూరం జరిగారు.

ఇక నూకాలు బెంగ చూడాలి. సాయంత్రం అయ్యేసరికి పరికిణీ కుచ్చిళ్ళలో చేతులు దాచుకుని, పడవల పక్కన నిలబడి ఆట చూసేది. వాళ్ళు తిరుగుతుంటే దీని పాదాలు ఇసకలో వాటంతట అవే కదిలేవి. అయ్యో, ఒప్పులకుప్ప ఒక్కర్తే ఎలా ఆడుతుంది చెప్పు?

అప్పుడు వాళ్ళమ్మ కొండమ్మ, మచ్చలు కనబడకూడదని రెండు చేతులకీ దట్టంగా గోరింటాకు పెట్టింది. పొద్దున్న కడిగి చూస్తే, చేతులన్నీ పండాయి గానీ మచ్చలు ఇంకా ఎర్రగా, దూరానికే కనబడేలా పండాయి!

ఆ తర్వాత ఎవరో చేపా పాలూ కలిపి తింటే ఇలా అవుతుందన్నారు. ఉత్త మాట. అయినా చేపలమ్ముకుని బతికే ఇంట్లో పిల్లకి చేప మానిపించారు. పులుసు వాసనకి నోరూరి ఏడ్చింది పాపం, మచ్చ మాత్రం కదల్లేదు. ఆ తర్వాత ఇంకెవరో నల్లజీడి రసం రాయమన్నారు. రాస్తే బొబ్బలెక్కి పిల్ల గిలగిల్లాడింది. అలాంటివి ఎవరు చెప్పినా రాయకూడదమ్మా, విన్నావా?

అప్పుడు కొండమ్మ లెంపలేసుకుని, పిల్లని పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడ డాక్టరమ్మ ఏం చేసిందనుకున్నావు? నూకాలు చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది. ఎన్నాళ్ళకో పరాయి మనిషి ముట్టుకునేసరికి పిల్లకి ఏడుపొచ్చేసింది.

"ఇది కుష్టు కాదు, బొల్లి. ఒకరి నుంచి ఒకరికి అంటదు," అంది డాక్టరమ్మ. "చర్మంలో రంగు తయారుచేసే కణాలుంటాయి. ఒంటికి కాపలా కాసే కణాలే పొరపాటున వాటిని దొంగలనుకుని తరిమేస్తాయి. మందు రాద్దాం, లైటు వైద్యం చేద్దాం. నెమ్మదిగా రంగు రావచ్చు. వేళ్ళ చివర మాత్రం కష్టం. మచ్చల మీద ఎండ పడకుండా చూసుకో."

ఆ తర్వాత చాలా కాలానికి మోచేతి మచ్చలో నువ్వుగింజలంత రంగు చుక్కలు వచ్చాయి. వేళ్ళు తెల్లగానే ఉండిపోయాయి. కొండమ్మ ఇంటింటికీ వెళ్ళి "అంటదు, అంటదు" అని మొత్తుకుంది. అందరూ తలూపారు. పిల్లల్ని మాత్రం పంపలేదు. తలూపడానికేం, ఎవరైనా ఊపుతారు!

"అమ్మా, రంగు రాకపోతే పోనీ. పైడితల్లి వస్తే చాలు," అంది నూకాలు ఓ సాయంత్రం.

అంతే, కొండమ్మ లేచింది. చేపల గంప అక్కడే పడేసి, పమిట చెంగు నడుముకి బిగించింది. పిల్లలాడుకునే చోటికి కూతుర్ని లాక్కెళ్ళి, ఆ తెల్లటి వేళ్ళు గట్టిగా పట్టుకుని, అంత పెద్ద మనిషీ ఒప్పులకుప్ప తిరగడం మొదలుపెట్టింది! కొప్పు ఊడిపోయింది, గాజులు గలగల్లాడాయి. వీధంతా గుమ్మాల్లోకొచ్చి నోరు తెరిచి చూసింది.

కాసేపటికి కొండమ్మ కళ్ళు తిరిగి ఇసకలో చతికిలబడింది. నూకాలు మాత్రం చేతులు చాపి అలాగే నిలబడింది. అప్పుడు పైడితల్లి గుమ్మం దిగింది. "ఒసే, ఆగవే!" అని అరిచింది సూరమ్మ. ఆగితే కదా! పరుగెత్తుకొచ్చి, "పక్కకి జరుగు అత్తా, ఇక నా వంతు" అని నూకాలు చేతులు పట్టేసుకుంది.

"గట్టిగా పట్టుకోవే," అంది నూకాలు.

"నేను పట్టుకునే ఉన్నాను. నువ్వే వదిలేసేలా ఉన్నావు," అంది పైడితల్లి.

కథ కంచి దారి పట్టింది,
మనకి ఇంట్లో కునుకు పట్టింది.