చుక్కల కోడి పిల్లల బాతు బడి

ఈ కథ చెప్పేవాడికి బాతుల భాష బొత్తిగా రాదు, కోళ్ల భాష అంతంతమాత్రం. కాబట్టి తెలుగులోనే కానిద్దాం.

సూరాయమ్మ దొడ్లో ఒక చుక్కల కోడి ఉండేది. బాతులకు పొదిగే ఓపిక తక్కువని, సూరాయమ్మ బాతు గుడ్లను కోడి కింద పెట్టింది. పిల్లలు బయటికొచ్చారు. ముక్కులు ఇలా చప్పిడిగా ఉన్నాయేమిటా అని కోడి ఒక్క క్షణం ఆలోచించి, 'వాళ్ల నాన్న పోలికలే' అనుకుని రెక్కల కింద పొదువుకుంది.

కాస్త ఎదగగానే దొడ్డి వెనక కుంటలో బాతు టీచరమ్మ బడికి పంపింది. సూరాయమ్మ దగ్గర పట్టిన వచ్చీరాని తెలుగులో టీచరమ్మ మొదటి రోజే కోడికి చెప్పేసింది.

"ఇక్కడా, ఇంటి దగ్గరా బాతు మాటే. రెండూ కలిస్తే పిల్లల బుర్ర చెడుతుందట."

"ఎవరన్నారమ్మా?"

"కంచె అవతల ఉంటారు. నాలుగు కుంటలు తిరిగిన పెద్దమనిషి."

ఆ పెద్దమనిషి బావురుపిల్లి. కోడి కేక అర్థం కాని పిల్లలంటే దానికి వడ్డించిన విస్తరే.

కోడికి ఆ సంగతి తెలీదు. తెలిసిందల్లా, ఆ సాయంత్రం పిల్లలు తనకు అర్థం కాని మాటల్లో నవ్వుకుంటుంటే గుండె కలుక్కుమనడం.

"ఏమర్రా, నేనిక మీకేమీ కానా?"

"అదేంటమ్మా! నీ మాట మాట్లాడొద్దన్నారుగా," అంది అందరికన్నా చిన్నది.

"బాతు మాటే నేర్చుకోండి, వద్దన్నానా? కాకపోతే నాకూ నేర్పండి. నాకు తెలిసిన మాటలోనే నేర్పాలి మరి!"

అలా రోజూ అమ్మకు పాఠం.

"అమ్మా, నీ యాస!" అని పిల్లలు పొర్లి పొర్లి నవ్వేవారు.

"పోండర్రా, నా ముక్కుకి వచ్చేది అంతే!"

ఒక పొద్దున టీచరమ్మ గట్టు మీద ఎండలో పాఠం చెబుతోంది. వెనక రెల్లుగడ్డి కదిలింది. దూరంగా పురుగులేరుకుంటున్న కోడి చూసింది. నేర్చుకున్న బాతు మాట ఒక్కటీ నోటికి రాలేదు. తన మాటలోనే గొంతు చించుకుంది.

"పిల్లి! నీళ్లలోకి దూకండి!"

"మళ్లీ ఈ కోడి గోలేమిటి?" అని టీచరమ్మ విసుక్కుంది.

"టీచర్, పిల్లి! దూకండి!" అని చిన్నది బాతు మాటలో అరిచి, ఆవిణ్ణి ముక్కుతో నెట్టింది. అందరూ బుడుంగున నీళ్లలో పడ్డారు. బావురుపిల్లి పంజాకి టీచరమ్మ తోక ఈక ఒక్కటే దక్కింది.

"వీళ్లకింకా అమ్మ మాట వస్తుందా?" అని అది నోరెళ్లబెట్టింది.

"వస్తుంది పెద్దమనిషీ," అంది టీచరమ్మ నీళ్లలోంచే. "రానిది నాకే."

మర్నాటి నుంచి బడిలో కోడి మాట కూడా చెప్పేవారు. పాఠం చెప్పేది చుక్కల కోడి, ముందు వరసలో కూర్చునేది టీచరమ్మ. ఆవిడ యాసకు పిల్లలు పడీ పడీ నవ్వుతుంటే, కోడి కసిరేది.

"నవ్వకండర్రా పాపం, మొదట్లో అంతే!"

నీతి: కొత్త మాట కోసం అమ్మ మాట మరిచిపొమ్మనేవాడు కంచెకు ఏ పక్కన ఉన్నాడో ముందు చూసుకోవాలి.