టేపు చివర గాబ్రియేలు

ఊఁ కొడితేనే చెప్తా. కునికిపాట్లు పడేవాళ్లు ఇప్పుడే లేచి పొండి!

అనగనగా, క్యాసెట్టు రీలుని పెన్సిలు పెట్టి తిప్పుకునే కాలంలో, రేవుపాలెంలో గాబ్రియేలు అనే టైలర్ ఉండేవాడు. వారమంతా మిషను తొక్కేవాడు, ఆదివారం చర్చిలో గిటారు వాయించేవాడు. డ్రమ్ముల దానియేలు, కీబోర్డు కరుణాకర్ అతని జతగాళ్లు. ముగ్గురూ కలిసి పాప్ బ్యాండు పెట్టారు. పేరు 'మూడు సూదులు'. నవ్వకండి, అప్పట్లో అదే ఫ్యాషను!

సొంతంగా పాటలు కట్టి ఒక క్యాసెట్టు తెచ్చారు. గాబ్రియేలు తన భార్య సలోమి కోసం కట్టిన పాటని రికార్డింగాయన తీసుకెళ్లి రెండోవైపు ఆఖర్న పెట్టాడు.

"అంత చివర్న పెడితే ఎవరు వింటారండీ?" అన్నాడు గాబ్రియేలు.

"నెమ్మది పాటయ్యా. అక్కడే ఉండనీ."

ఊళ్లో ఇంటికొకటి కొన్నారు. ఎందుకనుకున్నారు? ఖాళీ క్యాసెట్టుకన్నా అది చవక! రికార్డు అవ్వకుండా ఉంచే బెజ్జాలకి కాగితం అంటించి, ఎవరికి కావలసింది వాళ్లు ఎక్కించేసుకున్నారు. ముందు ఒక్కసారైనా విన్నారా? లేదు, మహానుభావులు!

గాబ్రియేలు మాత్రం మిషను తొక్కుకుంటూనే, "ఒక్కరైనా విన్నారంటావా, సలోమీ?" అనేవాడు.

"నేను విన్నాగా," అనేది ఆమె.

ఏళ్లు గడిచాయి. గాబ్రియేలు పోయాడు. జ్ఞాపకార్థ కూడికలో ఆ పాట వినిపించాలని సలోమి కోరిక. ఇంట్లో ఉన్న ఒక్క క్యాసెట్టూ బూజు పట్టి తెగిపోయింది. పాపం, ఇల్లిల్లూ తిరిగింది.

"అయ్యో వదినా, సినిమా పాటలు ఎక్కించేశాం," అన్నాడు టీకొట్టు వీరాస్వామి.

"అయ్యో వదినా, హరికథ ఎక్కించేశాం," అంది పిండిమర పుల్లమ్మ.

"అయ్యో వదినా, మా అమ్మాయి పెళ్లి మేళం ఎక్కించేశాం," అన్నాడు సెలూను అప్పలరాజు.

సలోమి సెలూను బల్లమీద కూలబడి ఏడ్చింది. అప్పలరాజు గబగబా మంచినీళ్లిచ్చాడు. మేళమైనా వింటే మనసు తేలికపడుతుందని టేపు పెట్టాడు. మేళం అయిపోయింది. కాసేపు గరగరలాడింది. అప్పుడు మోగింది గిటారు.

'తలుపు తీసే ఉంచా, తాపీగా రా...'

"ఆయనే! మా ఆయనే!" అని లేచింది సలోమి.

"ఇదా!" అప్పలరాజు నోరు తెరిచాడు. "రోజూ ఇది అయ్యాకే షాపు కట్టేస్తాను వదినా! మేళంవాళ్లే పాడారనుకున్నా!"

వీరాస్వామి టేపు చివరా అదే. సినిమాలోదే అనుకున్నాడట. పుల్లమ్మ టేపు చివరా అదే. హరిదాసుగారు గిటారు నేర్చుకున్నారనుకుందట! ఎవరు ఏం ఎక్కించుకున్నా క్యాసెట్టు చివరిదాకా రాలేదు మరి.

కూడికలో ఆ పాట పెట్టారు. మొదటి మాటకే ఊరంతా గొంతు కలిపింది. చిన్నపిల్లలు కూడా ఒక్క మాట తప్పలేదు.

"విన్నావా, ఏమయ్యా!" అంది సలోమి, ఏడుస్తూ నవ్వుతూ. "ఒక్కరు కాదు, ఊరు ఊరంతా!"

ఇప్పటికీ రేవుపాలెంలో ఏ పెళ్లైనా, ఏ జాతరైనా, ఏ పేరంటమైనా ఆఖర్న ఆ పాట పడాల్సిందే. ముందే లేచినవాళ్లని చెయ్యి పట్టి కూర్చోబెడతారు.

ఏయ్, మీరెక్కడికి? కథ అయిపోతే మాత్రం? కూర్చోండి, గాబ్రియేలు ఇంకా రాలేదు!