సూరయ్య నోట ‘మల్లీ’

“మల్లత్త వచ్చేస్తోంది! రంగూన్ నుంచి మల్లత్త వచ్చేస్తోంది!”

వీధి మొదట్లో లేచిన ఆ కేక ఇంటి గుమ్మం దాకా ఆగలేదు. వేసినవాడు గవరయ్య. విశాఖపట్నంలో, బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ళ కాలనీలో వెల్డింగు షాపు నడుపుకునే ఈ గవరయ్య బంగారంలాంటి మనిషే కానీ, ఎవరి మాటా చివరిదాకా వినేవాడు కాదు. సగం వినేవాడు, మిగతా సగం తనే పూర్తి చేసేవాడు. “నీళ్ళు...” అని భార్య అడగబోతే, “వద్దు, స్నానం అయిపోయింది,” అనేసేవాడు. అంత తొందర.

ఇంతకీ మల్లత్త ఎందుకొస్తోందంటే, అదో కథ.

గవరయ్య నాన్న సూరయ్యకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట తడబడిపోయింది. డాక్టరు గవరయ్యను కూర్చోబెట్టి, “మెత్తటి జావ కొద్దికొద్దిగా పట్టండి...” అన్నాడు. “అర్థమైందండీ,” అని గవరయ్య లేచి వచ్చేశాడు. “...ఆయన అడిగినన్నిసార్లు,” అన్న మాట పాపం ఖాళీ కుర్చీ వింది.

ఇక పూటకో చిన్న గిన్నెడు జావ, అంతే. గిన్నె ఖాళీ కాగానే సూరయ్య నాలుక కూడదీసుకుని ఒకే ఒక్క మాట అనేవాడు.

“మల్లీ.”

గవరయ్య కళ్ళు చెమర్చాయి. మల్లి అంటే సూరయ్య చెల్లెలు. అందరూ బర్మా వదిలి ఓడెక్కినప్పుడు, పెళ్ళయి అక్కడే ఉండిపోయిన మనిషి. “చెల్లెలి కోసం నాన్న ప్రాణం కొట్టుకుంటోంది,” అన్నాడు గవరయ్య.

“అది కాదండీ, మావయ్య గిన్నె వైపు...” అంది భార్య పైడమ్మ.

“గిన్నెలోనూ చెల్లెలే కనిపిస్తోంది. నాకు తెలుసు.”

ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. “నాన్న నీ పేరే కలవరిస్తున్నాడత్తా, వచ్చి నువ్వే చూసుకోవాలి,” అని బతిమాలాడు. ఆమె రావడానికి కాగితాలు కుదిరేలోగా సూరయ్య చిక్కి సగమయ్యాడు. అంతా బెంగే అన్నాడు గవరయ్య. ఇలాగైతే మనిషి దక్కుతాడా అని కాలనీ అంతా భయపడింది.

అదిగో, అప్పుడు దిగింది మల్లత్త. బర్మా ఆడవాళ్ళలా బుగ్గలకు గంధం పూత, పూల లుంగీ, చేతిలో పెద్ద సంచి. వస్తూనే మంచం మీద కూర్చుంది. “ఏటన్నా, నన్ను రమ్మని నువ్విలా పడుకున్నావేటి?” అంది. సూరయ్య ఎడం చేత్తో ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చాడు, నవ్వాడు, మళ్ళీ ఏడ్చాడు.

పైడమ్మ జావ తెచ్చింది. చెల్లెలే తాగించింది. గిన్నె ఖాళీ అయింది.

“మల్లీ,” అన్నాడు సూరయ్య.

“ఇక్కడే ఉన్నానన్నా.”

“మల్లీ.”

“ఎదురుగానే కూర్చున్నాను కదా, కనబడలేదేటి?”

సూరయ్య గిన్నె మీద వేళ్ళతో టకటకా కొట్టాడు. “మల్లీ.”

“అత్తా, నాన్న ఏమంటున్నాడంటే...” అని అందుకున్నాడు గవరయ్య.

“నువ్వు నోరు ముయ్యరా. మా అన్నని చెప్పనీ,” అంది మల్లత్త.

సూరయ్య పెదాలు కదిపాడు, ఆగాడు, మళ్ళీ కదిపాడు.

“మల్లీ... పొయ్యి. ఆకలి.”

విశాఖ వైపు పెద్దవాళ్ళు చాలామందికి ‘ళ’ పలకదు. ‘మళ్ళీ’ అనడానికి ‘మల్లీ’ అంటారు. అదీ సంగతి.

మల్లత్త పొట్ట పట్టుకుని నవ్వింది. “ఓరి గవరా, మీ నాయిన మళ్ళీ జావ పొయ్యమంటే, సముద్రం దాటించి నన్ను తెచ్చి పోశావేట్రా?”

“నేను చెప్పబోయింది అదేనత్తా,” అంది పైడమ్మ.

గవరయ్య నవ్వలేదు. తండ్రి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. “ఇన్నాళ్ళూ నిన్ను పస్తులుంచానా నాన్నా,” అన్నాడు.

సూరయ్య కొడుకు తల మీద చెయ్యి వేశాడు. “మంచి...” అని ఆగాడు. గవరయ్య నోరు తెరిచాడు. మూసుకున్నాడు. కాచుకుని కూర్చున్నాడు.

“...పని చేశావు,” అన్నాడు సూరయ్య, చెల్లెలి వైపు చూస్తూ.

మల్లత్త వెంటనే పొయ్యి దగ్గరికి వెళ్ళింది. సంచిలోంచి బియ్యపు సేమియా తీసి, చేపల పులుసులో మెత్తగా ఉడికించింది. అది సూరయ్య చిన్నప్పుడు రంగూన్‌లో రోజూ తిన్న వంట. ఆ రోజు ఆయన ఎన్నిసార్లు ‘మల్లీ’ అంటే అన్నిసార్లూ గిన్నె నిండింది. ఆమె కూడా వెళ్ళిపోలేదు, అన్నను చూసుకుంటూ ఉండిపోయింది. వానలు పడేనాటికి సూరయ్య గోడకు ఆనుకుని లేచి కూర్చున్నాడు.

అలా లేచి కూర్చున్న రోజున పైడమ్మ ఆయన పక్కనే చాప పరిచి కంచాలు పెట్టింది. “ఏమండీ, ఒక మాట...” అంది. గవరయ్య నోరు మెదపకుండా ఆమె వైపే చూశాడు. అలవాటు లేక, పైడమ్మ చెప్పాల్సిన మాట మరిచిపోయింది. ఆ ఇల్లంతా నవ్వుకుంటూ, సూరయ్య చుట్టూ ఒకే చాప మీద కూర్చుని కడుపునిండా తిన్నది.

నీతి: ఎంత ప్రేమ ఉన్నా, ఎదుటివాళ్ళ మాట చివరిదాకా వింటేనే వాళ్ళకు కావలసింది ఇవ్వగలం.