తొమ్మిది చిటికెల మందు

రుద్రయ్య స్వామివారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా పెద్ద ప్రశ్న అడిగితే ఆయన వెంటనే ఒక చిన్న పని చెప్పేవారు. మోక్షం గురించి అడిగినవాడు బావిలో నీళ్ళు తోడాడు. మాయ అంటే ఏమిటని అడిగిన వకీలుగారు ఒక మధ్యాహ్నమంతా కందిపప్పులో రాళ్ళు ఏరారు. కదిరి కొండల పక్కన ఉన్న ఆ పాలగుట్ట ఆశ్రమంలో నేను పదహారేళ్ళు వంట చేశాను. కాబట్టి పెద్ద ప్రశ్నలంటే నాకు మహా గౌరవం. అవి వచ్చిన రోజున నాకు పని తగ్గేది.

ఆ ఏడు ఆశ్రమానికి దక్షిణామూర్తిగారనే శిష్యుడు వచ్చారు. కృష్ణ ఒడ్డున ఏదో ఊళ్ళో బడి పంతులుగా చేసి మానుకున్న మనిషి. చంకలో అట్ట వేసిన నోటుపుస్తకం ఒకటి ఎప్పుడూ ఉండేది. అందులో పదకొండు మంది గురువుల దగ్గర తీసుకున్న పదకొండు మంత్రాలు, ఒక్కొక్కటి ఒక్కొక్క పేజీలో, గుండ్రటి అక్షరాలతో రాసుకున్నారు. తెల్లారి లేచింది మొదలు వరసగా అన్నీ జపించేవారు. ఎనిమిదోదానికి వచ్చేసరికి పెసరట్లు చల్లారిపోయేవి. ఆ విషయంలో ఆయన మీద నాకు కోపం ఉండేది, ఇప్పటికీ ఉంది.

ఒక సాయంత్రం స్వామివారు అరుగు మీద శెనక్కాయలు వలుస్తుండగా ఆయన పుస్తకం తెరిచి ముందు కూర్చున్నారు.

"స్వామీ, పన్నెండేళ్ళుగా ఈ పదకొండూ జపిస్తున్నాను. ఒక్కటీ ఫలించలేదు. బలం చాలడం లేదేమోనని నా అనుమానం. తమరు పన్నెండోది అనుగ్రహిస్తే..."

స్వామివారు ఒక కాయ వలిచి పప్పు నోట్లో వేసుకున్నారు. "రేపు ఓబుళేసు తుపాకి గురి చూసుకుంటాడంట. పోయి వాడి మందుసంచి మోయి నాయనా," అన్నారు. నాకేసి తిరిగి, "నువ్వు వాళ్ళకి మజ్జిగ తీసుకుపో," అన్నారు. నా పని ఆ రోజు తగ్గలేదన్నమాట.

ఓబుళేసు కింది ఊరి వేటగాడు. పంటల కాపుకని సర్కారు లైసెన్సు ఇచ్చిన తుపాకి ఊరికంతటికీ వాడిదొక్కటే. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుండు వేసి, గజం అనే ఇనప కడ్డీతో దట్టించి కాల్చే పాతకాలపు తుపాకి. ఒక దెబ్బ కొట్టాక రెండోదానికి సిద్ధం కావాలంటే ఒక చుట్ట కాల్చుకునేంత సేపు పడుతుంది. ఆలోపల జంతువు తన పని తాను చూసుకుంటుంది.

అప్పుడా ఊరిని ఒక ఒంటి పంది పీడిస్తూ ఉంది. మగపంది, దూడంత ఉంటుంది. మరెవరి చేనూ నచ్చనట్టు అది కదిరమ్మ శెనక్కాయ చేను పట్టుకుంది. కదిరమ్మకి మగదిక్కు లేదు, ఒక కూతురుంది, మూడెకరాల చేనుంది. అందులో ఎకరన్నర పంది అప్పటికే దున్నేసింది. కాయ పీకడానికి ఇంకా పది రోజులుంది. మిగిలింది కూడా పోతే ఆ ఏడు తల్లీకూతుళ్ళకు గంజికి కూడా గతి లేదు. ఊళ్ళో అందరికీ ఆ సంగతి తెలుసు. అందరూ అయ్యో అన్నారు కూడా.

మర్నాడు పొద్దున ఓబుళేసు ఒక పాత చేటకు మధ్యలో సున్నం బొట్టు పెట్టి, గట్టుకు ఆనించి, యాభై అడుగులు నడిచి వచ్చి కూర్చున్నాడు. మందు కొలవడానికి వాడి దగ్గర చిటికెన వేలంత వెదురు గొట్టం ఉంది. దానికి అయిదు గాట్లు. మొదట రెండో గాటు దాకా మందు పోసి, నూనె గుడ్డలో చుట్టిన గుండ్రటి సీసపు గుండు దట్టించి కాల్చాడు. తడిగుడ్డతో గొట్టం తుడిచాడు. మళ్ళీ అంతే మందు, అదే గుండు. మళ్ళీ తుడిచాడు. ఇలా మూడు దెబ్బలు. గుండ్లన్నీ చేట కింది అంచుకు తగిలాయి. తరవాత మూడో గాటు. అప్పుడు మూడు చిల్లులూ సున్నం బొట్టు చుట్టూ అరచెయ్యి కప్పేటంత చోటులో పడ్డాయి. నాలుగో గాటుకు చప్పుడు పెరిగింది. చిల్లులు చేట నాలుగు మూలలకూ పారిపోయాయి.

"అయితే అయిదో గాటు పోసి చూడు. బలం ఇంకా పెరుగుతుంది," అన్నారు దక్షిణామూర్తిగారు.

"బలం యాడికి పోతాది సామీ, నా బుజానికే వస్తాది," అన్నాడు ఓబుళేసు. "దీనికి మూడో గాటే సయిస్తాది. తుపాకి తినేంతే పెట్టాల. మనకు ఎంత పెట్టాలని ఉందో దాంతో దానికి పనిలే."

పంతులుగారు ఆ మాట నోటుపుస్తకంలో రాసుకోలేదు. నేను పక్కనే ఉండి చూశాను.

ఇక్కడ ఆ ఊరి ఆచారం ఒకటి చెప్పాలి. వెనకట మందు దొరకని రోజుల్లో ఇంటికి చిటికెడు పోగుచేసి తుపాకి నింపేవాళ్ళట. పెట్టినవాడికి మాంసంలో పాలు. ఇప్పుడు మందుకు కొరత లేకపోయినా ఆచారం మాత్రం మిగిలింది. తుపాకిలో ఎవరు చిటికెడు వేస్తే వాళ్ళింటికి ఒక పాలు వెళ్ళాలి. ఎంతో కొంత వేయించుకోకపోతే ఓబుళేసుకు ఊళ్ళో మర్యాద దక్కదు. కాబట్టి ఆ సాయంత్రం వాడు మూడో గాటు కొలత పోసి గొట్టం నిలబెట్టేసరికి ఎనిమిది ఇళ్ళవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు.

మొదట తలారి వేశాడు. చిటికెడే వేశాడు, పాపం. తరవాత హవల్దారు కంబగిరి వచ్చాడు. "పటాలంలో మేము ఇంతింత మందుతో ఏనుగుల్ని పడగొట్టినాం," అంటూ గుప్పెడు వేశాడు. ఆయన పటాలంలో ఉన్నన్నాళ్ళూ కంచరగాడిదలకు గడ్డి వేశాడని ఊరందరికీ తెలుసు. హవల్దారు గుప్పెడు వేశాక చిన్నపరెడ్డి చిటికెడు ఎలా వేస్తాడు? పెద్ద రైతు పరువేం కాను? ఆయన రెండు గుప్పెళ్ళు వేశాడు. మిగతా వాళ్ళు ఎవరి తాహతుకు తగ్గట్టు వాళ్ళు వేశారు. చివర కమ్మరి మౌలాచారి ఓబుళేసు చేతిలోని గుండ్రటి గుండును తీసి అవతల పారేసి, "ఇది గోలీలాటకు పనికొస్తాదప్పా. గుండుకు మొన ఉండాల," అని తాను పోసిన పొడుగాటి గుండును సమ్మెటతో కొట్టి దింపాడు. దాని మీద ఇంకెవరో గుప్పెడు సీసపు రవ్వలు కూడా వేశారు, ఎందుకైనా మంచిదని.

మౌలాచారి గుండు దింపక ముందే దక్షిణామూర్తిగారు కూడా ఒక చిటికెడు వేశారు. ఆయన మాంసం ముట్టరు.

"మీకెందుకండీ?" అన్నాను.

"ఒక అబల పంట కాపాడిన పుణ్యంలో పాలు," అన్నారు. వేసేటప్పుడు అయిదో మంత్రం చదివారు.

ఓబుళేసు తుపాకి ఎత్తి చూసుకున్నాడు. వాడి ముఖం చూస్తే నాకు నిజంగా జాలేసింది. "రెడ్డీ, ఇంత దట్టించినాక దీన్ని నువ్వే పేల్చు," అన్నాడు.

"ఛ ఛ, అదేం మాటరా? పాలు నాది, పేల్చేది నీది," అన్నాడు చిన్నపరెడ్డి.

తెల్లవారింది. చేను అంచున కట్టిన మంచె మీద ఓబుళేసు తుపాకిని రెండు గుంజలకు పగ్గంతో బిగించి, మీటకు దారం కట్టుకుని, తాను కింద గట్టు చాటున పడుకున్నాడు. పాలు వాళ్ళందరూ ఆ వెనక గట్టున వరసగా కూర్చున్నారు. పాలు మీద నమ్మకం ఉంది గానీ ఓబుళేసు మీద లేదు. ఎండ పొడ రాగానే పంది కొండ దిగి, ఏమాత్రం తొందర లేకుండా చేలోకి వచ్చి, సరిగ్గా తుపాకి ఎదురుగా నిలబడి మట్టి ఎత్తడం మొదలుపెట్టింది. ఓబుళేసు దారం లాగాడు.

ఆ చప్పుడుకి ఆశ్రమంలో నేను పొయ్యి మీద పెట్టి వచ్చిన పాలు విరిగిపోయాయని నా అనుమానం. మంచె కూలింది. తుపాకి పగ్గం తెంపుకుని వెనక్కి ఎగిరి హవల్దారు కాళ్ళ దగ్గర పడింది. పొగ తగ్గేసరికి చేలో ఒక ప్రాణి నేలకొరిగి ఉంది. "పడింది! పడింది!" అని తొమ్మిది మందీ లేచి పరిగెత్తారు. పడింది కదిరమ్మ పెట్టిన దిష్టిబొమ్మ. దానికి తొడిగిన చిన్నపరెడ్డి పాత కోటు జల్లెడలా ఉంది. దానికీ పందికీ మధ్య దూరం ఇరవై అడుగులు. పంది అటూ ఇటూ చూసి, ఒక చుట్టు తిరిగి, పండిన మడి ఒకదాని నడుమ నుంచి దారి చేసుకుంటూ కొండెక్కింది.

"నా మందు మంచిదే. గుండే చెడ్డది," అన్నాడు హవల్దారు. "గుండు లక్షణమైనది. మందు ఎక్కువైంది," అన్నాడు మౌలాచారి. "నేను చిటికెడే వేశాను," అన్నాడు తలారి. దక్షిణామూర్తిగారు పుస్తకం తిరగేస్తూ, అయిదోదానికి బదులు ఏడోది చదివి ఉండాల్సిందని నాతో అన్నారు.

కదిరమ్మ అప్పటికి చేలోకి వచ్చింది. విరిగిన మొక్కల్లో కూర్చుని పచ్చికాయలు ఏరి ఒళ్ళో వేసుకుంటూ ఉంది. ఇంకో వారం నేలలో ఉంటే అవి గట్టిపడేవి. ఏడుస్తూనే లేచి నిలబడింది.

"ఏమప్పా పెద్దమనుసులారా, కూరలో పాలు అందరికీ కావాల. పోయిన నా పైరులో పాలు ఎవురికి కావాల్నో చెప్పండి."

హవల్దారు వంగి కోటులో చిల్లులు లెక్కపెట్టసాగాడు.

"అయితే ఇనుకోండి. మల్లా ఈ తుపాకిలో చిటికెడు మందు ఏసినోడెవుడైనా సరే, గురి తప్పితే నా చేనుకు బదులు తన చేను ఇడవాల. రాండి. ఎవురు మొదలు?"

తలారికి ఆ క్షణాన ఊళ్ళో పని గుర్తొచ్చింది. హవల్దారు తన భుజం పాత గాయం గురించి చెప్పాడు. మౌలాచారి కొలిమి ఆరిపోతుందని వెళ్ళాడు. చిన్నపరెడ్డికి ముప్పై ఎకరాలుంది. అందుకే అందరికంటే వేగంగా ఆయనే నడిచాడు. దక్షిణామూర్తిగారు చేతులు రెండూ పంచెకు తుడుచుకుని వెనక్కి కట్టుకున్నారు.

ఓబుళేసు ఒక్కడే మిగిలాడు. "నాకుండేది అరెకరా అక్కా. తప్పితే అది నీదే," అన్నాడు.

ఆ రోజంతా వాడు తుపాకి విప్పి, కడిగి, గొట్టం ఎక్కడైనా పగిలిందేమోనని సందు సందూ చూసుకున్నాడు. మర్నాడు చేట మీద కొత్త బొట్టు పెట్టి, మూడో గాటుతో మూడు దెబ్బలు మళ్ళీ కొట్టుకున్నాడు. మూడూ అరచేతిలో పడ్డాయి. అయినా మందును మళ్ళీ మళ్ళీ కొలిచి చూసుకున్నాడు. అరెకరా పెట్టినవాడు కదా.

మూడో నాడు పొద్దున పంది వచ్చింది. మంచె లేదు, జనం లేరు. గట్టు చాటున ఓబుళేసు, వాడి వెనక కదిరమ్మ, మందుసంచితో పంతులుగారు, మజ్జిగ ముంతతో నేను. పంది నలభై అడుగుల దాకా వచ్చి పక్కకు తిరిగేంతవరకూ ఓబుళేసు ఊపిరి కూడా గట్టిగా తీయలేదు. తుపాకి పేలింది. పెద్ద చప్పుడేమీ కాదు. "ఇంతేనా?" అన్నారు పంతులుగారు. పంది నాలుగడుగులు పరిగెత్తి, మోకాళ్ళ మీద కూలి, పక్కకి ఒరిగింది. ముందుకాలి వెనక ఒకే ఒక చిల్లు ఉంది. ఓబుళేసు తుపాకి కింద పెట్టి వలవలా ఏడ్చాడు. కదిరమ్మ వాడి తల నిమిరింది. నేను మజ్జిగ ఒలకబోసుకున్నాను.

చప్పుడు చిన్నదే అయినా మాంసం కబురు ఊరంతా వినిపించింది. గంటలో ఎనిమిది మందీ గిన్నెలతో కదిరమ్మ ఇంటికి వచ్చారు. మొన్నటి తన మందుతోనే పంది సగం చచ్చిందని, ఈ రోజు మిగిలిన సగమే చచ్చిందని చిన్నపరెడ్డి వాదించాడు. కదిరమ్మ లోపలికి పోయి దిష్టిబొమ్మ కోటు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "నువ్వు కొట్టిన జంతువు ఇదే గదన్నా, తీసకపో," అంది. తరవాత నవ్వి, ఆయన గిన్నెలోనూ వేసింది. ఊళ్ళో ప్రతి ఇంటికీ పంపింది, మందు లెక్కన కాదు, ఇంట్లో ఉన్న నోళ్ళ లెక్కన.

వారం రోజులకు ఆమె కాయ పీకి, ఒక బుట్టెడు ఆశ్రమానికి తెచ్చిచ్చింది. ఆ సాయంత్రం స్వామివారు అరుగు మీద అవే వలుస్తున్నారు. దక్షిణామూర్తిగారు జరిగిందంతా మొదటి నుంచి చెప్పారు, తన చిటికెడు ఒక్కటి తప్ప. అది నేను చెప్పాను. స్వామివారు విని బాగా నవ్వారు. నవ్వాక మళ్ళీ కాయలు వలవసాగారు.

పంతులుగారు ఉండబట్టలేక పుస్తకం తెరిచి, పన్నెండో పేజీ తీసి, కలం పట్టుకున్నారు. "స్వామీ, మరి నా మంత్రం సంగతి..."

"ఇస్తాను, దానికేం భాగ్యం నాయనా," అన్నారు స్వామివారు, ఇంకో కాయ తీసుకుంటూ. "గురి తప్పితే నువ్వేమిస్తావో, ముందు ఆ పేజీలో అది రాయి."