థైమ్ మడికి వజూ నీళ్లు

ఇద్రీస్ చేతికి అప్పగించిన థైమ్ మడి చచ్చిపోతోంది.

వాము వాసన వేసే ఆ చిట్టి ఆకుల కషాయమే కొండమీది సూఫీ మఠంలో చలికాలమంతా దగ్గుకు మందు. ఈసారి గురువు షేక్ తాహిర్‌కే దగ్గు పట్టుకుంది. మడిలో చూస్తే కోయడానికి గుప్పెడు ఆకు లేదు. ఇద్రీస్‌కు అన్నం సహించడం లేదు.

అతని శ్రద్ధకు వంక పెట్టేవాళ్లెవరూ లేరు. నమాజుకు ముందు అందరూ కాళ్లూ చేతులూ కడుక్కున్న వజూ నీళ్లు పవిత్రమైనవి, కాలువపాలు కాకూడదని పళ్లెంలో పట్టి, ఐదు పూటలా మడికే పోసేవాడు. పేడ ఎరువూ దండిగా వేశాడు. మొక్కలు మొదట ఏపుగా సాగాయి, వాసన మాత్రం లేదు. తర్వాత మొదళ్లు నల్లబడి ఒక్కొక్కటే ఒరిగిపోయాయి. అప్పటికీ మన ఇద్రీస్ తన భక్తే చాలలేదనుకుని ఇంకో పళ్లెం ఎక్కువ పోశాడు.

చివరికి గురువు దగ్గరికెళ్లి, తన ప్రార్థనలో ఏం లోపముందో చెప్పమని కంటతడి పెట్టుకున్నాడు.

షేక్ దుప్పటి కప్పుకుని, దగ్గుతూ మడి దాకా వచ్చాడు. ఒక మొక్కను లాగితే వేళ్లు కుళ్లి ఊడొచ్చాయి. అంచున రాళ్ల మీదకు పాకిన కొమ్మ ఒకటి మాత్రం అక్కడే వేరు పట్టి పచ్చగా ఉంది. దాన్ని తడి వేళ్లతో సహా తీసి, పైన కూలిన గోడ దగ్గర, ఎండ పడే కంకర నేలలో నాటాడు.

నాటాక నీళ్లు పోయాలి కదా అని ఇద్రీస్ పరుగున పోయి తొట్టిలోంచి చెంబు నిండా చన్నీళ్లు తెచ్చాడు. ఇంతలో నమాజు పిలుపు వినిపించింది. వజూ చేసుకుంటానని షేక్ చెంబు కోసం చెయ్యి చాచాడు.

ఇద్రీస్ చెంబు వెనక్కి లాక్కున్నాడు.

"వద్దు హజ్రత్. మీకు చన్నీళ్లు తగలకూడదని హకీం గారు గట్టిగా చెప్పారు."

"నా మీద ప్రేమ లేకనా వద్దంటున్నావు?"

"ప్రేమ ఉండబట్టే కదా."

షేక్ నీళ్లు పడని రోగులు చేసుకునే తీరులో, పొడిమట్టి మీద అరచేతులు తట్టి, ముఖమూ చేతులూ తుడుచుకుని నమాజుకు నిలబడ్డాడు.

ఇద్రీస్ కొత్తగా నాటిన మొక్కను చూశాడు. చేతిలోని చెంబును చూశాడు. తర్వాత ఒక్క చుక్క కూడా మొక్క మీద పడకుండా అవతలికి వెళ్లి, ఆ నీళ్లతో తన వజూ తాను చేసుకుని వచ్చి, గురువు వెనక నిలబడ్డాడు.